రాయబారం మళ్లీ రక్తి కట్టాలంటే..
పాత్రకు గొంతు, పద్యానికి శ్రుతి, ప్రదర్శనకు వేళ కుదరాలి
పరిశ్రమల గడ్డపై పద్యనాటక పునరుద్ధరణకు ఏమేం కావాలి?

శ్రీ సిటీ: తిరునాళ్లు వచ్చాయంటే తెల్లవార్లూ హార్మోనియం మోగిన రోజులు సత్యవేడు, వరదయ్యపాళెం, తడ పరిసర గ్రామాల పెద్దలకు ఇంకా గుర్తే. చాపలు, దుప్పట్లు పట్టుకొని వెళ్లి ముందు వరుసలో చోటు పట్టుకున్న తరం అది. నచ్చిన పద్యం పడితే ‘వన్స్ మోర్’ అని కేకలు పెట్టి, నటుడి చేత మళ్లీ పాడించుకొనే వరకు ఊరుకొనేవారు కాదు. 2008లో శ్రీ సిటీ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతం రూపురేఖలు మారాయి. మెట్రో రైలు బోగీల నుంచి ఎక్స్‌కవేటర్ల వరకు ఇక్కడ తయారవుతున్నాయి. యువతకు ఊరి దగ్గరే ఉపాధి దొరికింది. దాంతోపాటే ఊరంతా ఒకే వేళకు నిద్రలేచి, ఒకే వేళకు తీరిక చేసుకొనే పద్ధతి పోయింది. మూడు షిఫ్టుల బతుకులో రాత్రంతా నాటకం చూసే ఓపిక, ఆడే తీరిక రెండూ తగ్గాయి.

అయినా పద్యనాటకంపై మమకారం పూర్తిగా చావలేదు. ఏటా ఏదో ఒక ఊళ్లో ‘శ్రీకృష్ణ రాయబారం ఒకసారి వేయిస్తే బాగుండును’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. అనుకోవడం తేలికే. పాత నాటకాన్ని కొత్తగా గద్దె ఎక్కించాలంటే మాత్రం చందాలు పోగుచేస్తే చాలదు. ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలి, ఏ పద్యం ఉంచాలి, ఏది తీసేయాలి, రాత్రి ఎన్ని గంటలకు తెర దించాలి అన్న ప్రశ్నలన్నిటికీ ముందే జవాబు ఉండాలి. ఒక్క ప్రదర్శన బెడిసికొడితే మరుసటి ఏడు ఆలయ కమిటీ ఆర్కెస్ట్రా వైపే మొగ్గుతుంది. ఆ ఊళ్లో నాటకానికి మళ్లీ పిలుపు రావడం కష్టం.

రాయబారమే ఎందుకు?

తెలుగునాట ఊరూరా ఆడిన పద్యనాటకాల్లో రాయబారం, సత్యహరిశ్చంద్ర ముందు వరుసలో నిలుస్తాయి. రాయబారానికి మూలం తిరుపతి వేంకట కవుల నాటకాలు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) జంటగా అవధానాలు చేసి, జంటగానే నాటకాలు రాశారు. పేరులో తిరుపతి ఉన్నందున వీరిది మన ప్రాంతమేనని పొరబడేవారున్నారు. ఆ పేరు తిరుపతిశాస్త్రి వల్ల వచ్చిందే తప్ప ఊరి వల్ల వచ్చింది కాదు. ఇద్దరూ గోదావరి ప్రాంతం వారు.

పాండవుల కథను వారు జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం అనే ఆరు నాటకాలుగా మలిచారు. వీటిలో పాండవోద్యోగం, పాండవ విజయం ప్రజల్లోకి చొచ్చుకుపోయాయి. రెండింటినీ కలిపి ‘పాండవోద్యోగ విజయాలు’గా ఆడటం ఆనవాయితీ అయింది. నిద్రపోతున్న కృష్ణుడి వద్దకు అర్జున దుర్యోధనులు సాయం కోరి వచ్చే ఘట్టాన్ని జనం ‘పడక సీను’ అని పిలుచుకున్నారు. తర్వాత కౌరవ సభలో సంధి ప్రయత్నం, చివరకు యుద్ధరంగం. చదువు రానివారు సైతం ఇందులోని పద్యాలను అప్పచెప్పేవారు. గ్రామఫోను రికార్డులు వచ్చాక అవి ఇంటింటికీ చేరాయి.

తెలుగు నాటకంలోకి పాట, పద్యం రావడం వెనుక రాయలసీమ పాత్ర చిన్నది కాదు. నాటి బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) పద్యాలు, పాటలతో కూడిన ‘చిత్రనళీయం’ వంటి నాటకాలు రాసి ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు పేరు. ఆయన బృందం మద్రాసు వెళ్లి ఇచ్చిన ప్రదర్శనలు చూసిన స్ఫూర్తితోనే పమ్మళ్ సంబంధ మొదలియార్ 1891లో అక్కడ సుగుణ విలాస సభను స్థాపించారు. అంటే తమిళ ఆధునిక నాటకానికీ ఇటు నుంచే ఒక దారి పడింది. చిత్తూరులో రామవిలాస సభ నాటకాల్లో వేషాలు కట్టిన వి.నాగయ్య తర్వాత సినిమాల్లోకి వెళ్లి చిత్తూరు నాగయ్యగా స్థిరపడ్డారు. ఆయన తొలి చిత్రం ‘గృహలక్ష్మి’ 1938లో విడుదలైంది.

సరిహద్దు గడ్డపై రెండు బాణీలు

సత్యవేడు ప్రాంతం ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న రాష్ట్రాల సరిహద్దులు సవరించినప్పుడు ఇది ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. తిరుత్తణి అటు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఇక్కడ ఇంట్లో తమిళం, బడిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. నాటకం విషయంలోనూ ఈ రెండు పాయలు కలిసి కనిపిస్తాయి.

పుత్తూరు, నాగలాపురం, సత్యవేడు వైపు ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి ఆలయాల్లో జరిగే భారత ఉత్సవాలు అందరికీ తెలిసినవే. పగలు హరికథగా భారతం చెబుతారు. రాత్రి అదే కథను వీధినాటకంగా ఆడతారు. బకాసుర వధ, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, నేలపై మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ వద్ద వధ ఘట్టం, చివర అగ్నిగుండ ప్రవేశం.. ఇవన్నీ భక్తితో ముడిపడినవి. తమిళనాట తెరుక్కూత్తుకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఈ వరుసలో కృష్ణ రాయబారం కూడా ఒక రాత్రి కథ.

వీధినాటకంలోని రాయబారానికీ, తిరుపతి వేంకట కవుల రాయబారానికీ కథ ఒక్కటే, నడక వేరు. వీధినాటకంలో అడుగు ముఖ్యం. గజ్జెకట్టి, తాళానికి చిందు వేస్తూ వేషగాడు ప్రవేశిస్తాడు. నడుమ బఫూన్ నవ్విస్తాడు. పద్యనాటకంలో నిలబడి పాడటమే ప్రధానం. ఛందస్సులో కట్టిన పద్యం, దానికి రాగం, మధ్యలో వచనం. కనుక పునరుద్ధరణకు పూనుకునేవారు తాము ఏ బాణీని ఎంచుకున్నదీ మొదటే తేల్చుకోవాలి. రెండింటినీ కలగాపులగం చేస్తే రెండూ చెడతాయి. అయితే వీధినాటకం నేర్చినవారి సత్తువ, గొంతు, రాత్రంతా నిలబడే ఓర్పు పద్యనాటకానికి అక్కరకు వస్తాయి. నటుల కోసం వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టడం ఈ ప్రాంతానికి కలిసివచ్చే అంశం.

ముందు గొంతు.. తర్వాతే ముఖం

సినిమాకు ముఖం చూసి పాత్ర ఇస్తారు. పద్యనాటకానికి గొంతు విని ఇస్తారు. ఒక్కో నటుడికి హాయిగా పలికే శ్రుతి ఒకటుంటుంది. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరుసకు వినిపించడం కోసం హెచ్చు శ్రుతిలో పాడేవారు. ఇప్పుడు ఆ అవసరం లేదు. పాత రికార్డు విని అదే శ్రుతిలో పాడాలని పట్టుబట్టిన కొత్త నటుడు రెండో అంకానికే గొంతు పోగొట్టుకుంటాడు. తన శ్రుతి ఏదో తేల్చుకొని, దానికే కట్టుబడటం మొదటి పాఠం.

కృష్ణుడు: నాటకమంతా ఈ పాత్ర మీదే నడుస్తుంది. చిరునవ్వు చెరగకుండా రాగం తీయగలగాలి. పడక సీనులో చమత్కారం, సభలో రాజనీతి, యుద్ధరంగంలో గాంభీర్యం పలకాలి. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారు ఈ పాత్రతోనే తెలుగువారి మనసుల్లో నిలిచారు. వారిని అనుకరించే గొంతు దొరికిందని సంబరపడటం కంటే, మాటను స్పష్టంగా పలికే గొంతును ఎంచుకోవడం మేలు.

దుర్యోధనుడు: కృష్ణుడికి దీటైన పాత్ర ఇది. మాధవపెద్ది వెంకట్రామయ్య ఈ పాత్రకు పెట్టింది పేరు. నిండైన విగ్రహం, రాజసం ఉట్టిపడే నడక, వచనంలో బిగువు ఉండాలి. కేకలు పెట్టడమే దుర్యోధనత్వం అనుకుంటే పాత్ర తేలిపోతుంది. ఎదుట ఉన్నవాడు గట్టివాడైతేనే కృష్ణుడి రాయబారానికి విలువ.

కర్ణుడు, అర్జునుడు, భీముడు, ధర్మరాజు: కర్ణుడికి కరుణ పలికే గొంతు, అర్జునుడికి చురుకుదనం, భీముడికి ఊపిరి కావాలి. ధర్మరాజుకు పద్యాలకన్నా నిదానం ముఖ్యం. వీధినాటకంలో ఆరితేరినవారికి భీముడు, అశ్వత్థామ వంటి పాత్రలు అతికినట్లు సరిపోతాయి.

ద్రౌపది, కుంతి: ఒకప్పుడు స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. ఆ విద్యలో శిఖరమెక్కిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ లభించింది. సురభి సమాజాల్లో మాత్రం ఆది నుంచీ ఆడవారి వేషాలు ఆడవారే కట్టారు. నేడు ఊళ్లలో డ్వాక్రా సంఘాల్లో, ఆలయ భజన బృందాల్లో చక్కగా పాడే మహిళలు ఉన్నారు. వారిని వెలుతురు ఉండగానే సాధనకు పిలిచి, ఇంటికి క్షేమంగా చేర్చే ఏర్పాటు చేస్తే ఈ పాత్రలకు బయటి ఊళ్ల నుంచి నటీమణులను రప్పించాల్సిన పని ఉండదు.

ఒకే పాత్ర.. ముగ్గురు కృష్ణులు

రాయబారానికి ఒక ఆచారం ఉంది. ఒకే రాత్రి ఇద్దరు, ముగ్గురు కృష్ణులు కనిపిస్తారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధరంగానికి ఇంకొకరు. కాంట్రాక్టు నాటకాల కాలంలో పేరున్న నటులందరినీ ఒకే వేదికపై చూపి టికెట్లు అమ్ముకోవడానికి ఇది పుట్టింది. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన నటులు వేదికపైనే కలుసుకొని, రిహార్సలు లేకుండా ఆడేసేవారు. అందరికీ పద్యాలు కంఠస్థం కనుక సాగిపోయేది. అయితే నటుల మధ్య పోటీ పెరిగి, కథ వెనక్కి పోయి, రాగాలాపనే నాటకంగా మారిందన్న విమర్శా వచ్చింది. సంగీతం నటనను మింగేయకూడదన్న వాదన బళ్లారి రాఘవ నాటి నుంచీ ఉన్నదే.

ఇదే ఆచారం నేటి శ్రీ సిటీ ప్రాంతానికి మరో రకంగా ఉపకరిస్తుంది. ఒక్కడే కృష్ణుడైతే నటులందరితోనూ అతడు సాధన చేయాలి. అతడి షిఫ్టు మారితే అందరి సాధనా ఆగుతుంది. కృష్ణ పాత్రను ముగ్గురికి పంచితే ఒక్కో ఘట్టం ఒక్కో చిన్న బృందం చేతికి వస్తుంది. పగటి షిఫ్టువారు పడక సీను, రాత్రి షిఫ్టువారు సభా ఘట్టం అని విడగొట్టుకోవచ్చు. వారానికి ఒక్కరోజు అందరూ కలిస్తే చాలు. దీనికి తోడు కృష్ణులు ముగ్గురూ పక్కవాడి ఘట్టంలోని పద్యాలూ నేర్చి ఉంటే, ఆఖరి నిమిషంలో ఒకరికి సెలవు దొరక్కపోయినా నాటకం ఆగదు. ముగ్గురికీ కిరీటం, పట్టుబట్ట రంగు ఒకటే ఉండాలి. లేకుంటే ఈ ఆచారం తెలియని పిల్లలు ఎవరు కృష్ణుడో తేల్చుకోలేక తికమకపడతారు.

హార్మోనిస్టు దొరికితే సగం నాటకం ఆడినట్లే

పద్యాలు అచ్చు పుస్తకంలో దొరుకుతాయి. వాటిని పాడే తీరు పుస్తకంలో లేదు. ఏ పద్యం మోహనలో ఎత్తుకోవాలి, ఏది కాంభోజిలో సాగాలి, ఎక్కడ ముఖారి పలికించాలి అన్నది గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వచ్చిన విద్య. దానికి అసలైన కాపలాదారు హార్మోనిస్టు. నటుడు పద్యం ఎత్తుకోకముందే అతడి శ్రుతి అందించాలి. ఇద్దరు నటులు ఎదురెదురుగా పద్యాలు పాడుకొనే ఘట్టంలో శ్రుతి మారుతూ పోతుంటే దానికి తగ్గట్లు వేళ్లు మారాలి. పద్యం మరిచి నటుడు తడబడితే రాగం సాగదీసి, గుర్తొచ్చే వరకు నెట్టుకురావాలి. పాతతరం హార్మోనిస్టులు చాలాచోట్ల నాటకానికి దర్శకులు కూడా వారే.

ఇలాంటివారు ఇప్పుడు తక్కువ. ఉన్నవారు వయసు మళ్లినవారు. కీబోర్డు వాయించే యువకులు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉన్నా, తాళం లేకుండా సాగే పద్యం వెంట నడవడం వారికి అలవాటు లేదు. సినిమా పాటకు ముందే కొలత ఉంటుంది. పద్యానికి నటుడి ఊపిరే కొలత. కాబట్టి ఏ సమాజమైనా ముందుగా చేయాల్సిన పని ఒక పాత హార్మోనిస్టు పక్కన ఒక కీబోర్డు కుర్రాడిని కూర్చోబెట్టడం. సాధన జరిగే ప్రతిరోజూ సెల్‌ఫోన్‌లో పద్యాలను రికార్డు చేసి, ఏ నటుడిది ఏ శ్రుతి, ఏ పద్యానికి ఏ రాగం అన్నది ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఖర్చు లేని పని ఇది. చేయకపోతే మాత్రం పెద్దాయనతోపాటే ఆ బాణీ కూడా పోతుంది. తర్వాత ఎన్ని చందాలు వచ్చినా దాన్ని కొనలేరు.

ఒత్తులు పలకాలి.. యతి దగ్గర జాగ్రత్త

తమిళం మాతృభాషగా ఉన్న నటులకు ఒత్తక్షరాలు తేలికగా పట్టుబడవు. ధర్మరాజు ‘దర్మరాజు’, భీముడు ‘బీముడు’ అవుతారు. తెలుగు ఇళ్లలోనూ ఈ అలవాటు తక్కువేమీ కాదు. అందుకే రాగం నేర్పే ముందు పద్యాన్ని వచనంలా పదిసార్లు చదివించాలి. అర్థం తెలిశాక మాట విరుపు దానంతటదే వస్తుంది.

వృత్త పద్యాల్లో మరో చిక్కు ఉంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకు ఇరవై ఒకటి, పదకొండో అక్షరం యతి. శార్దూలానికి పంతొమ్మిది, పదమూడో అక్షరం యతి. మత్తేభానికి ఇరవై, పద్నాలుగో అక్షరం యతి. యతి స్థానంలోనో పాదం చివరనో అలవాటుగా ఆగితే చాలాసార్లు మాట మధ్యలో తెగుతుంది. పద్యం శ్రావ్యంగా ఉన్నా అర్థం అందదు. తెలుగు ఉపాధ్యాయులు ఈ విషయంలో సాయపడగలరు. ప్రతి పద్యానికీ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో గీతలు పెట్టి ఇస్తే కొత్త నటుడికి సగం బరువు దిగుతుంది.

కత్తెర ఎక్కడ వేయాలి?

పూర్తి నాటకం ఆడితే తెల్లవారుతుంది. నేటి పరిషత్తు పోటీల్లో పద్యనాటకాన్ని సుమారు గంటన్నర నుంచి రెండు గంటల్లో ముగిస్తున్నారు. ఊరి ప్రదర్శనకు రెండున్నర నుంచి మూడు గంటలు సరిపోతాయి. కత్తెర వేయక తప్పదు. అది ఎక్కడ పడాలన్నదే తగవు.

నాలుగు పాదాల పద్యాన్ని చదవడానికి అర నిమిషం చాలు. ఆలాపనతో పాడితే అదే మూడు, నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే సమయం తినేది పద్యం కాదు, ఆలాపన. పద్యాలను తీసేయడం కంటే ఆలాపనను తగ్గించడమే కథకు మేలు చేస్తుంది. ప్రతి ముఖ్య నటుడికీ రెండు మూడు పద్యాలకు మాత్రం మనసారా రాగం తీసే వీలిచ్చి, మిగిలినవి సూటిగా పాడించాలి. పడక సీనులో కుశల ప్రశ్నల పద్యాలు, సభలో హెచ్చరికల పద్యాలు తీసేస్తే ప్రేక్షకులు క్షమించరు. జనం వాటి కోసమే వస్తారు. వర్ణనలు, ఒకే భావాన్ని మళ్లీ చెప్పే పద్యాలు, చిన్న పాత్రల సుదీర్ఘ సంభాషణలు తగ్గించవచ్చు. తీసేసిన చోట కథ తెగకుండా రెండు వాక్యాల వచనం అతకాలి. కొత్తవారి కోసం ప్రతి ఘట్టానికీ ముందు సూత్రధారుడి చేత సులభమైన మాటల్లో కథ చెప్పిస్తే తమిళ ప్రేక్షకులూ వెంట వస్తారు.

తెరలు, నగలు, మైకులు

రాయబారానికి కనీసం దర్బారు, అంతఃపురం, ఉద్యానవనం, యుద్ధభూమి తెరలు కావాలి. కిరీటాలు, భుజకీర్తులు, వడ్డాణాలు, గదలు అద్దెకు దొరుకుతాయి. ప్రదర్శనకు ముందురోజే తెప్పించి నటులకు కొలతలు సరిచూడాలి. జారిపోయే కిరీటం ఎంత గొప్ప పద్యాన్నైనా నవ్వులపాలు చేస్తుంది. వేషం కట్టుకొని ఒక్కసారైనా నడిచి, కూర్చొని, పాడి చూడాలి.

మైకుల వద్దే ఎక్కువ ప్రదర్శనలు దెబ్బతింటున్నాయి. నడుమ ఒక స్టాండు మైకు పెడితే నటులంతా దానికి అతుక్కుపోతారు, నటన ఉండదు. కాలరు మైకులు నగలకు రాసుకొని గరగర మంటాయి. వేదికపై వేలాడే మైకులు రెండు మూడు పెట్టి, హార్మోనియానికి, తబలాకు విడిగా చిన్న మైకులు ఇస్తే చాలావరకు సరిపోతుంది. నటుడికి హార్మోనియం వినిపించేలా అతడి వైపు ఒక స్పీకరు తిప్పి ఉంచడం మరవకూడదు. శ్రుతి తప్పడానికి సగం కారణం అది వినిపించకపోవడమే.

పది దాటితే మైకు ఆపాల్సిందే

తెల్లవార్లూ నాటకం ఇక కుదరకపోవడానికి మరో కారణం చట్టం. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు-2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 గంటల వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. సడలింపు ఉందని నిర్ధారించుకోకుండా కరపత్రం వేయడం తగదు. సాయంత్రం ఆరున్నరకు తెర లేపితే మూడు గంటల నాటకం పదిలోపు ముగుస్తుంది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగినవారు హాయిగా చూడగలరు. రెండో షిఫ్టువారికి అందాలంటే ఆదివారమే దారి. వేదిక, మైకు, బందోబస్తు కోసం పోలీసుల అనుమతి ముందుగానే తీసుకోవాలి.

రచనపై హక్కుల సంగతి కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. జంట రచయితలైతే చివర మరణించిన వారి నుంచి లెక్క. చెళ్లపిళ్ల 1950లో కన్నుమూశారు. అందువల్ల 2010 చివరితో ఈ నాటకాలపై కాపీరైటు ముగిసింది. వీటిని ఎవరైనా ఆడవచ్చు, కుదించుకోవచ్చు. 1953లో మరణించిన బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్ర’కూ ఇదే వర్తిస్తుంది. అయితే హరిశ్చంద్ర కాటిసీనులో పాడే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువావి. ఆయన 1971లో మరణించారు. చట్టం లెక్కన వాటికి 2031 చివరి వరకు రక్షణ ఉంటుంది. వాటిని వాడేవారు హక్కుదారుల అనుమతి తీసుకోవడం క్షేమం.

నాటకం ఎంపికలోనూ విచక్షణ కావాలి. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’లోని ఒక పాత్ర తమను కించపరిచేలా ఉందని ఆర్యవైశ్యులు అభ్యంతరం తెలిపారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. వ్యవహారం హైకోర్టు వరకు వెళ్లింది. ఆ నాటకంపైనే ఆధారపడిన కళాకారులు ఇబ్బంది పడ్డారు. పాత నాటకంలో ఎవరినైనా నొప్పించే హాస్యం ఉంటే సాధన దశలోనే తీసేయడం మంచిది.

దారి చూపిన ఇద్దరు

పాత నాటకాన్ని నేటివారికి అందించినవారు లేకపోలేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటక సమాజం అందుకు సాక్ష్యం. వనారస గోవిందరావు వారసులు తరాలుగా నాటకాన్నే జీవనంగా చేసుకున్నారు. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు.. సురభి బాబ్జీగా ప్రసిద్ధులు.. 2013లో పద్మశ్రీ అందుకొని, 2022లో కన్నుమూశారు. ‘మాయాబజార్’లో తీగలు, తెరలు, దీపాలతో వారు చేసే మాయలకు నేటి పిల్లలూ నోరెళ్లబెడతారు. 1990లలో ప్రసిద్ధ దర్శకుడు బి.వి.కారంత్ సురభి కళాకారులతో పనిచేసి ‘భీష్మ’ వంటి ప్రదర్శనలు రూపొందించారు. వారి పాత విద్యను చెరపకుండా, దానికి కొత్త క్రమశిక్షణ జోడించడమే ఆయన పద్ధతి.

మరాఠీలో సంగీత నాటకానికి 1880లో కిర్లోస్కర్ ‘శాకుంతలం’తో ఊపు వచ్చింది. ఆ కోవలోని ‘కట్యార్ కాళ్‌జాత్ ఘుసలీ’ 1967లో మొదలైంది. ఇద్దరు సంగీత విద్వాంసుల మధ్య స్పర్థ దాని కథ. 2010లో నటుడు సుబోధ్ భావే దాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు. నాడు ఖాన్‌సాహెబ్ పాత్రలో పాడి మెప్పించిన వసంతరావు దేశ్‌పాండే పాత్రను ఆయన మనుమడు, గాయకుడు రాహుల్ దేశ్‌పాండేకు అప్పగించారు. ముందు గొంతును వెతికి పట్టుకున్నారు, తర్వాతే మిగిలిన ఏర్పాట్లు. ఆదరణ ఎంత వచ్చిందంటే 2015లో అదే కథ సినిమాగా వచ్చి విజయం సాధించింది.

మన రాష్ట్రంలోనూ వేదికలు ఉన్నాయి. కొన్నేళ్ల విరామం తర్వాత 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగాయి. కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఊరి సమాజం ఆ తేదీని లక్ష్యంగా పెట్టుకొని సంక్రాంతి తర్వాత సాధన మొదలుపెడితే మూడు నెలల వ్యవధి దొరుకుతుంది.

ఈ ఏర్పాట్లలో డబ్బుతో అయ్యేవి కొన్ని. తెరలు, కిరీటాలు అద్దెకు వస్తాయి, మైకులు కొనవచ్చు. పరిశ్రమలను, ఇక్కడి విద్యాసంస్థలను అడిగితే వేదికో, విరాళమో ఇవ్వవచ్చు. డబ్బుతో కానిది ఒక్కటే. పద్యం పాడే తీరు తెలిసిన పెద్దల సమయం. ఆరు నెలలు వాయిదా వేస్తే తెరలు అలాగే ఉంటాయి, ఆ పెద్దలు ఉంటారన్న హామీ లేదు. అందుకే పూర్తి నాటకానికి వనరులు సమకూరే వరకు ఆగకుండా, పడక సీను ఒక్కటైనా ముందుగా నేర్చుకొని ఈ ఏటి తిరునాళ్లలో గంటసేపు ఆడటం తెలివైన పని. నలుగురు ప్రధాన నటులు, ఒక హార్మోనిస్టు, ఒక తబలా వాద్యకారుడు, రెండు తెరలు ఉంటే అది సాధ్యమే. జనం ‘వన్స్ మోర్’ అంటే మిగిలిన నాటకం మరుసటి ఏటికి సిద్ధమవుతుంది.